తలుపులు మూసేలోగా చల్లారిన ఇనుము

పోయిన వారం చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు. నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఇవాళ నాకున్న ఓపిక కూడా అంతే.

మాది ఇనుప పోత షెడ్డు. ఇసుకతో మూస కట్టి, కరిగిన ఇనుము అందులో పోసి, నీటి పంపుల బాడీలు తీస్తాం. మూసలు కట్టేదీ ఇనుము పోసేదీ మగవాళ్ళు. ఇసుక జల్లెడ పట్టేదీ, పంపు లోపల బోలుగా రావడానికి మూసలో పెట్టే ఇసుక దిమ్మల్ని చేసి కాల్చేదీ ఆడవాళ్ళం. ఆ దిమ్మల్ని కోర్లంటాం. అమ్మ, నేను, ఇంకో ఇద్దరు. కొలిమిలోంచి ఇనుము బయటికి రాగానే పెదనాన్న "ఆడవాళ్ళు బయటికి!" అని మూడుసార్లు కేక పెడతాడు. ఆడదాని నీడ పడితే పోత పగులుతుందని మా ఇంటి నమ్మకం. ఈ నెలలో మూడు బాడీలు పగిలాయి. అందుకని సోమవారం నుంచి ఆడవాళ్ళెవరూ షెడ్డు గడప తొక్కకూడదు, కోర్లు బయటినుంచి తెప్పిస్తాను అని ఆయన తేల్చి పారేశాడు. అంటే నలుగురి పనీ ఊడినట్టే.

అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనక ఇరవై రెండేళ్ళయింది. పెదనాన్న పదిహేడో నంబరు బాడీ మీద చెయ్యేసి, "చూడండ్రా, ఒక్క గీత లేదు! ఆడగాలి సోకకపోతే ఇలా ఉంటుంది పోత" అని మురిసిపోతుంటే మాత్రం నేను ఉండబట్టలేకపోయాను. "దాన్ని పోసినప్పుడు నేను లోపలే ఉన్నాను పెదనాన్నా" అన్నాను.

అక్కడ ఆపాను. ఇక వినండి.

కొలిమికి గాలి కొట్టే మోటారు తన మానాన తాను రొద పెడుతోంది. పెదనాన్న ముందు నవ్వాడు. ఆయన నవ్వు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఎదుటివాళ్ళది ఉత్త కూత అని తేల్చేశాక వచ్చే నవ్వు అది.

"లోపలున్నావా? బుధవారం మధ్యాహ్నం మిమ్మల్నందర్నీ ఇంటికి పంపేశాం కదే. కోర్లు సరిపడా ఉన్నాయని నేనే పొమ్మన్నాను."

"మీరు పొమ్మన్నారు. నేను పోలేదు. ఆ ఖాళీ పెట్టెల వెనకాల కూర్చున్నాను."

"అబద్ధం."

"అబద్ధమైతే ఇది ఎలా తెలుస్తుంది? లేడిల్ ఎత్తేటప్పుడు మీరు అటు తిరిగి ఉన్నారు. అన్నయ్య కాలికి ఇటుక తగిలింది. 'ఈ ముసలి గడియారం ఎప్పుడు ఆగుతుందో గానీ, నా ప్రాణం తోడేస్తోంది' అన్నాడు."

అన్నయ్య అంటే పెదనాన్న కొడుకు. లేడిల్ అంటే కరిగిన ఇనుము పట్టే గిన్నె, దానికి రెండు వైపులా పొడుగాటి కాడలుంటాయి. ఒక కాడ అన్నయ్య పడతాడు, రెండోది కొలిమి తాత పడతాడు. అన్నయ్య ముఖం మాడిపోయింది. కొలిమి తాత దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మా కోర్ల గదిలో నోరాగని రేడియో అత్త అయితే కిసుక్కున నవ్వేసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేను గడియారాన్నా?" అని పెదనాన్న కొడుకు వైపు తిరిగాడు.

"అది... సరదాకి అన్నాను నాన్నా."

"సరే, నీ సంగతి ఇంట్లో చూస్తాను." మళ్ళీ నా వైపు తిరిగేసరికి ఆ ముఖంలో నవ్వు లేదు. "దొంగలా దూరి కూర్చోవడానికి సిగ్గు లేదూ? నువ్వు పుట్టకముందే ఒక పోత పగలగొట్టావు. అది చాల్లేదా నీకు?"

ఇదిగో, ఈ మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ షెడ్డులో నా పేరు ఏమిటో తెలుసా? పగులు. "పగులూ, ఆ జల్లెడ ఇలా తే." "పగులూ, కోర్లు కాలాయా?" ఊహ తెలిసినప్పటినుంచీ నాకు ఇదే పిలుపు. అమ్మ నన్ను ఎనిమిదో నెల మోస్తుండగా ఒక పెద్ద చక్రం పోత పగిలింది. కడుపుతో ఉన్న మనిషి లోపల ఉండిపోయింది కాబట్టే పగిలిందని అందరూ తీర్మానించారు. అప్పటిదాకా మూసలు కట్టిన అమ్మని ఆ మర్నాడే ఇసుక కుప్ప దగ్గరికి పంపారు. ఆ చేతులు మళ్ళీ మూస ముట్టలేదు.

"మీరు అరవకండి, నేను చెప్పేది వినండి" అన్నాను. "పోత పగులుతోంది మా వల్ల కాదు, మీ కేక వల్ల."

"ఏంటీ?"

"మా కోర్ల గదిలో గోడ గడియారం ఉంది, బయటికెళ్ళినా గది ద్వారంలోంచి కనిపిస్తుంది. మీ మొదటి కేక దగ్గర్నుంచి, ఇనుము మూసలో పడిన చప్పుడు దాకా ఎంతసేపు పడుతోందో ప్రతి పోతకీ గోడ మీద సుద్దతో రాశాను. ఈ నెలలో పగిలినవి మూడు. నాలుగు నిమిషాలు, అయిదు, నాలుగున్నర. మంచిగా వచ్చినవి ఏవీ రెండు నిమిషాలు దాటలేదు. బుధవారం లేడిల్ ఎత్తాక అర నిమిషం కూడా పట్టలేదు, మేమెవరం లేమనుకుని మీరు కేకే పెట్టలేదు కాబట్టి. లేడిల్లో ఇనుము నిలబెట్టి, మీరు మూడు కేకలు పెడతారు. మేం చేతిలో కోరు కింద పెట్టి, ఒక్కొక్కరం బయటికి నడుస్తాం. తలుపు గడియ వేస్తారు. తర్వాత కిటికీలు నాలుగూ మూస్తారు. ఇంతలో ఇనుము చల్లబడదా? మూసలో అటొక పాయ, ఇటొక పాయ వెళ్ళి మధ్యలో కలవాలి. వేడిగా ఉంటే ఒకటైపోతాయి. చల్లబడితే ఒకదాన్నొకటి తాకి ఊరుకుంటాయి. ఆ తాకిన చోటే గీత. నీళ్ళ ఒత్తిడి పెట్టగానే అక్కడే నోరు తెరుస్తుంది."

పెదనాన్న చేతులు కట్టుకున్నాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. అదే నా బాధ.

"ఆడవాళ్ళుంటేనే కదా నేను కేక పెట్టేది? కేక పెట్టిన రోజు పగిలిందంటే ఆడవాళ్ళున్న రోజు పగిలినట్టే. నువ్వు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే కదే, పిచ్చిదానా!"

చుట్టూ ఉన్న మగవాళ్ళు తలలూపారు. అన్నయ్య అందరికంటే గట్టిగా ఊపాడు. గడియారం మాట మరిచిపోతారేమో అని వాడి ఆశ.

"ఒకటి కాదు" అన్నాను. "బుధవారం ఆడది లోపల ఉంది. కేక లేదు. పగల్లేదు. మీరు ఇందాక ముద్దు చేసింది ఆ పోతనే. నా నీడ దాని మీద పడింది, నా ఊపిరి కూడా పడింది. దానికేం కాలేదే?"

ఆయన చెయ్యి తెలీకుండానే పదిహేడో నంబరు మీదనుంచి వెనక్కి వచ్చింది. అప్పటిదాకా బంగారంలా కనిపించిన ఇనుము ఒక్కసారిగా మైలపడిపోయినట్టు ఆ చేతిని పంచెకి తుడుచుకున్నాడు. ఆడపిల్ల దగ్గర కూర్చుందని తెలియగానే మంచి పోత కూడా చేదైపోతుందన్నమాట!

"ఒక్కసారి దోషం తగల్లేదు. అదృష్టం" అన్నాడు.

"అయితే ఇంకోసారి చూద్దాం. కొలిమిలో ఇనుము సిద్ధంగా ఉంది. పద్దెనిమిదో నంబరు మూస సిద్ధంగా ఉంది. ఇవాళ కేక వద్దు, గడియ వద్దు. మేం నలుగురం ఇక్కడే నిలబడతాం. పగిలితే సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే నేను ఈ షెడ్డు వదిలి పోతాను. పగలకపోతే ఆడవాళ్ళ పని ఎవరూ ముట్టుకోకూడదు."

"నాతో పందేలు కాస్తావా? ఎవరు నేర్పారు నీకీ పొగరు?"

"పెద్దబాబూ" అన్నాడు కొలిమి తాత.

ఆయన మాట్లాడడమే తక్కువ. నలభై ఏళ్ళుగా కొలిమి ముందు నిలబడి కనుబొమలు కూడా కాలిపోయిన మనిషి. కొలిమి మూత వైపు చూస్తూనే అన్నాడు, మా ఎవరి వైపూ చూడలేదు. "పిల్ల చెప్పింది నిజమే. ఇనుము రంగు చూస్తుంటే తెలీదా? ఎత్తినప్పుడు తెల్లగా ఉంటుంది. మీరు కిటికీలు మూసేసరికి నారింజ రంగుకొస్తుంది. ఈ సంగతి నేను మీకు అప్పుడే చెప్పాను కదా."

"నువ్వు నోరు ముయ్యి" అన్నాడు పెదనాన్న.

మరీ తొందరగా అన్నాడు. ఆ తొందరే నాకు చెవిలో గుచ్చుకుంది.

"అప్పుడే అంటే ఎప్పుడు తాతా?"

తాత కొలిమి మూత సర్దుతున్నాడు.

"ఎప్పుడు చెప్పావు? ఈ నెలలోనా? పోయిన ఏడా?"

"ఆ పెద్ద చక్రం పగిలిన రోజు సాయంత్రం" అన్నాడు తాత. "చిన్నమ్మాయి మూసల మధ్య కూర్చుని ఉంది. కేక వినగానే లేవబోయింది. ఎనిమిదో నెల కదమ్మా, గబుక్కున లేవలేకపోయింది. గోడ పట్టుకుని, ఆగి ఆగి బయటికి నడిచింది. అంతసేపూ నేనూ ఇంకో పనివాడూ లేడిల్ పట్టుకుని నిలబడ్డాం. నా కళ్ళ ముందే ఇనుము ఎర్రబడిపోయింది. ఇప్పుడు పొయ్యొద్దు, మళ్ళీ కరిగిద్దాం అన్నాను. పెద్దబాబు పొయ్యమన్నారు. పగిలింది. సాయంత్రం ఆయన్ని పక్కకి పిలిచి, చిన్నమ్మాయి తప్పేం లేదు, ఆలస్యం వల్ల పగిలింది అని చెప్పాను."

చిన్నమ్మాయి అంటే అమ్మ. ఇంటి చిన్న కోడలు.

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. ముందు తాతనే చూశాను, ఆయన మీదే విరుచుకుపడ్డాను. "మరి ఇరవై రెండేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు తాతా?"

"అన్నం ముద్ద పెట్టుకున్నానమ్మా" అన్నాడాయన. "ఆయన పెట్టిందే."

ఆ జవాబుకి నేనేం చెయ్యను? జాలి పడే తీరిక నాకు లేదు. పెదనాన్న వైపు తిరిగాను. చిన్నప్పటినుంచీ ఆయన్ని మీరు అనే పిలిచాను. అది ఆ క్షణంతో ఆగిపోయింది.

"నీకు తెలుసు."

"ఏయ్! ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"నీకు తెలుసు! తెలిసీ మా అమ్మని ఇసుక కుప్ప దగ్గరికి తోశావు. తెలిసీ నాకు పగులు అని పేరు పెట్టావు. మా నాన్న చచ్చేదాకా అమ్మ వైపు సూటిగా చూడలేదు, తెలుసా? పోత పగలగొట్టిన మనిషితో కాపురం చేస్తున్నానని ఆయన బాధ. ఆయనకైనా చెప్పొచ్చు కదా! సొంత తమ్ముడు కదా! ప్రతిసారీ ఇంకో కేక పెంచావు, ఒక గడియ పెంచావు, కిటికీలు పెంచావు. నువ్వు పెంచినకొద్దీ పోతలు పగిలాయి. పగిలినకొద్దీ మమ్మల్ని ఇంకా దూరం నెట్టావు. ఎందుకు?"

"అరవకు."

"ఎందుకు పెదనాన్నా?"

"ఎందుకా?" ఆయన గొంతు పెంకుల కప్పుకి తగిలింది. "ఇది మా నాన్న కట్టిన షెడ్డు! ఇంటికి పెద్దవాణ్ణి నేను! పని ఇవ్వడానికి వచ్చిన ప్రతివాడూ గుమ్మంలో నిలబడి, 'చిన్న కోడలుగారు కట్టిన మూసేనా?' అని నన్నే అడుగుతాడా? ఆవిడ కట్టకపోతే పని వేరేచోట ఇస్తామంటారా? కాపురానికొచ్చి మూడేళ్ళు కాలేదు, నాకంటే బాగా కట్టేస్తుందా? నా తల ఎక్కడ పెట్టుకోమంటావ్?"

అనేశాడు. అన్నాక నోరు మూసుకున్నాడు కానీ ఏం లాభం? పది మంది విన్నారు. మైల లేదు, నీడ లేదు, గాలి లేదు. ఆవిడ ఆయనకంటే బాగా కట్టింది. అంతే. అంత చిన్న విషయానికి ఒక మనిషి చేతుల్లోంచి పనిని, ఒక మొగుడి కళ్ళల్లోంచి ప్రేమని లాగేసుకున్నాడు. పైగా దానికి పెద్దల ఆచారమని పేరు పెట్టి, మాతోనే తలలూపించాడు. నేను కూడా చిన్నప్పుడు కేక వినగానే పరిగెత్తి బయటికి వెళ్ళి, నా నీడ లోపల మిగిలిందేమో అని గడప వైపు తొంగి చూసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు అమ్మని చూశాను. ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు. చేతికంటిన ఇసుకని నిమ్మళంగా దులుపుకుంటోంది.

"బాబాయ్, ఇనుము ఇంకా ఎంతసేపు ఉంచుతావు? తియ్యి" అంది కొలిమి తాతతో.

తాత ఒక్క నిమిషం ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత కొలిమి నోరు తెరిచాడు. ఇనుము తెల్లగా లేడిల్లోకి దిగింది. మా అందరి ముఖాల మీదా వెలుగు పడింది. అన్నయ్య అలవాటుగా వచ్చి తన కాడ పట్టుకున్నాడు. ఇద్దరూ ఎత్తారు.

"ఆడవాళ్ళు బయటికి!" అన్నాడు పెదనాన్న.

మేం కదల్లేదు.

"ఆడవాళ్ళు బయటికి! మీ అమ్మకి చెప్పు, బయటికి పొమ్మను!"

ఇన్నేళ్ళలో ఆయన అమ్మతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నా 'మీ అమ్మకి చెప్పు' అంటాడు. రేడియో అత్త నా పక్కకి వచ్చి నిలబడి, "నా కాళ్ళు తిమ్మిరెక్కాయండీ, నేను నడవలేను" అంది గట్టిగా. మా కోర్ల గదిలో నాలుగో మనిషి కూడా వచ్చి రేడియో అత్త పక్కన చేరింది.

"సరే" అన్నాడు పెదనాన్న. "రేయ్, లేడిల్ దించు. వీళ్ళు లోపలుండగా నా షెడ్డులో పోత పడదు. దించుతావా, ఇంట్లోంచి పోతావా?"

అన్నయ్య నా వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. "మధ్యలో నన్నెందుకు చంపుతారు..." అని గొణుగుతూ కాడ దించేశాడు. తాత కూడా దించక తప్పలేదు. లేడిల్ నేల మీద కూర్చుంది. అన్నయ్య తోలు చేతి జోళ్ళు విప్పి పక్కన పడేసి, గోడకి చేరబడ్డాడు. నాకు వాణ్ణి పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. కానీ కళ్ళు ఇనుము మీదే ఉన్నాయి. అంచుల్లో రంగు అప్పుడే మారుతోంది. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే గడిస్తే ఇది కూడా పగులుతుంది. పగిలితే 'చూశారా, ఆడవాళ్ళు లోపలున్నారు, పగిలింది' అంటాడు. అదీ ఆయన ఎత్తు. మా నలుగురి బతుకూ ఆ రంగు మీద ఉంది, ఆయన ఊరికే నిలబడి చూస్తే చాలు.

"నేను పడతాను" అని ముందుకి ఉరికాను.

అమ్మ నా భుజం పట్టి ఆపింది. "నీ వల్ల కాదు. బరువు ఒకవైపు ఒరిగితే మీద పడుతుంది." వంగి అన్నయ్య చేతి జోళ్ళు తీసుకుని తొడుక్కుంది. కొంగు నడుముకి బిగించింది.

"అమ్మా, నువ్వెప్పుడైనా మోశావా?"

"ఈ లేడిల్‌కి లోపల మట్టి పూసి, ఎండబెట్టి, రోజూ ఇక్కడికి మోసుకొచ్చేది ఎవరు? ఖాళీది మోసినప్పుడు పనికొచ్చిన చేతులు నిండినప్పుడు పనికిరావా?" అని కాడ పట్టుకుంది. "బాబాయ్, ఎత్తు."

ఇద్దరూ ఎత్తారు. అమ్మ మెడ మీద నరం తేలింది. ఒక్క చుక్క తొణకలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ పద్దెనిమిదో నంబరు మూస వైపు కదిలారు. పది అడుగులు. ఎనిమిది.

పెదనాన్న ఒక్క ఉదుటున అడ్డం వచ్చాడు. వచ్చి, ఇనుము పొయ్యాల్సిన ఆ ఇసుక పెట్టె మీదికి ఎక్కి, సరిగ్గా పోత నోటి మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"పొయ్యండి చూద్దాం" అన్నాడు.

తాత ఆగాడు. అమ్మ కూడా ఆగింది. వాళ్ళిద్దరి మధ్యా ఇనుము కుతకుతలాడుతోంది. తెలుపు పోయి పసుపులోకి దిగుతోంది. అన్నయ్య "నాన్నా, దిగు నాన్నా" అని అరిచాడు. ఎవరూ వాడి మాట వినిపించుకోలేదు.

అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, మధ్యలో నేను లేకుండా, సూటిగా ఆయనతోనే మాట్లాడింది.

"ఆ చక్రం నా వల్ల పగల్లేదని ఇప్పుడు మీ నోటితో చెప్పండి బావగారూ. చెప్పి దిగండి. నా చేతులు ఇంకెంతోసేపు ఆగవు."

ఆయన దిగలేదు. అమ్మ ఇంకో అడుగు ముందుకి వేసింది.